బల్ల మీద మారుతీ, బల్ల కింద పిల్లికూనలు: ఒకే గదిలో రెండూ నడిపే పద్ధతి

నేను టర్నర్‌ని. హైదరాబాద్‌లో బాలానగర్ వైపు ఒక మెషీన్ షాపులో 34 ఏళ్లు లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే యంత్రం) ముందు నిలబడి, మోకాళ్లు ఇక మా వల్ల కాదన్నాక రిటైరయ్యాను. ఇప్పుడు రెండు పడక గదుల ఇంట్లో ఒక గది నాకిచ్చారు. అందులో ఒక చిన్న బెంచ్ లేత్, వస్తువును పట్టి బిగించే ఒక వైస్, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో ఏరుకొచ్చిన పాత బొమ్మ కార్లు, అవి పెట్టుకోవడానికి అద్దాల అలమార ఉన్నాయి. నిరుడు ఆగస్టు వానల్లో ఒక వీధి పిల్లి బాల్కనీలోంచి వచ్చి, లేత్ వచ్చిన అట్టపెట్టెలోనే మూడు కూనల్ని పెట్టింది.

మొదటి నెలన్నరలో నాకు పోయినవి ఒక యాక్సిల్, ఒక ముందు అద్దం, తడి ఆరని ఒక బానెట్టు. బాగా తిట్టుకున్నాను. ఆ తర్వాత షాపులో మేం కొత్త కుర్రాళ్లకు చెప్పే మాటే నాకు గుర్తొచ్చింది. లేత్ మీద కోస్తున్న ముక్క, అంటే జాబ్, దాన్ని పట్టి ఉంచే చక్‌లోంచి ఎగిరిపడితే జాబ్‌ని తిట్టవద్దు, బిగించినవాణ్ని అడుగు. కూన తోక ఊపితే పడిపోయే చోట నేను యాక్సిల్ పెట్టానంటే తప్పు నా బిగింపుదే. కింద రాసిందంతా ఆ బిగింపు గురించే. పాత బొమ్మ మారుతీ 800ని విప్పి, సరిచేసి, మళ్లీ రంగు వేయడం దాకా ఒక్కో మెట్టూ చెబుతాను. మధ్యలో కూనలు వస్తూ పోతూ ఉంటాయి. మా ఇంట్లోనూ అంతే.

మొదటి మెట్టు: కూనలకు ఒక చోటు, పనికి ఒక చోటు

పిల్లి ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. చోటు నచ్చకపోతే తల్లి ఒక్కో కూననీ మెడ దగ్గర కరుచుకుని వెళ్లిపోతుంది. మొదటి రెండు వారాలు ఆ పెట్టెను కదపకండి, కూనల్ని ఊరికే ఎత్తకండి. ఏడు నుంచి 14 రోజుల్లో కళ్లు తెరుస్తాయి. ఆ వయసులో ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేవు కాబట్టి తల్లి ఒళ్లే వాటి దుప్పటి. నేను ఆ రెండు వారాలు లేత్ ఆన్ చేయలేదు. తర్వాత తలుపు అవతలి నుంచి మొదలుపెట్టి, తక్కువ స్పీడులో మోటారు చప్పుడు అలవాటు చేశాను. రెండో వారం నుంచి ఏడో వారం దాకా కూన ఏ చప్పుడు విన్నా, ఏ చేయి తగిలినా దానికి అది మామూలైపోతుంది. అందుకే ఆ రోజుల్లో రోజూ కాసేపు మెల్లగా చేతిలోకి తీసుకోవాలి. మనిషి చేయి తగలకుండా ఆ వయసు దాటితే మనిషిని చూసి బుసకొట్టే పిల్లి అవుతుంది.

నాలుగో వారానికి అవి పెట్టె దాటి నడుస్తాయి. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. గది నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, కూన ఎత్తులోంచి ఒకసారి చూడండి. నాకు కనిపించినవి రబ్బరు బ్యాండ్లు, స్ప్రింగులు, గడియారం బటన్ సెల్లు, టేప్ ముక్కలు, రెండు చిన్న అయస్కాంతాలు. అయస్కాంతాలు రెండు మింగితే పేగు మధ్యలో చిక్కి నొక్కుకుంటాయి. ఇవన్నీ మూత ఉన్న డబ్బాల్లోకి పోవాలి. నేను పాత హార్లిక్స్ సీసాలు వాడతాను.

బల్ల అంచున చేతి వెడల్పున రెండు వైపులా అంటుకునే టేపు వేశాను. పాదాలకు జిగురు తగలడం పిల్లులకు అసహ్యం, రెండుసార్లు ఎక్కి మూడోసారి మానేస్తాయి. కానీ వద్దని ఊరుకుంటే చాలదు, కూర్చోవడానికి ఇంకో చోటు చూపించాలి. టేబుల్ ల్యాంపు వెచ్చదనానికే అవి పైకి వస్తాయి. అందుకని బల్ల పక్కన, కొంచెం తక్కువ ఎత్తులో, ఒక అట్టపెట్టె మూతలో పాత బనీను పరిచి ఇంకో ల్యాంపు పెట్టాను. బల్ల మీద ట్రే మాత్రం అంచు ఉన్నదే వాడండి. నాది మిఠాయి కొట్టు వాళ్ల రేకు డబ్బా మూత, అడుగున స్పీకర్ అయస్కాంతం అంటించాను. స్టీలు స్క్రూలు అందులోంచి కదలవు.

ఒక తప్పు నేను చేశాను, మీరు చేయకండి. నూనె పీలుస్తుందని లేత్ కింద ట్రేలో రంపపు పొట్టు పోసేవాణ్ని. కూనలకు అది కక్కసుదొడ్డిలా కనిపించింది. వాసన మాట అటుంచి, నూనె అంటిన పాదాలు నాక్కుంటాయి, అదే అసలు ప్రమాదం. పొట్టు తీసేసి, గది అవతలి మూల లోతు తక్కువ టబ్‌లో ఇసుక పోశాను. తడిస్తే గడ్డకట్టే రకం లిట్టర్ చిన్న కూనలకు వద్దు, అవి దాన్ని నోట్లో పెట్టుకుంటాయి.

రెండో మెట్టు: తూకం పుస్తకం

మెషీన్ షాపు మనిషికి కొలత లేనిది నిద్ర పట్టదు. వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేసి, రోజూ ఒకే వేళకు తూచండి. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములు ఉంటుంది. రోజుకు పది గ్రాములకు తగ్గకుండా, పదిహేను దాకా పెరగాలి. నాలుగు వారాలకు 400 దగ్గరికి రావాలి. ఒక రోజంతా బరువు పెరగకపోతే కనిపెట్టి ఉండండి, తగ్గితే ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నేను ఇన్‌స్పెక్షన్ రిపోర్టులా గళ్లు గీసి రాశాను. మనవరాలు నట్టు, బోల్టు అని పేర్లు పెడదామంది. నేను ఒప్పుకోలేదు. బుష్, కాటర్, షిమ్ అని పెట్టాను. షిమ్ అంటే సందులో దూర్చే పల్చటి రేకు. మూడింటిలో అదే బక్కది, 84 గ్రాములతో మొదలైంది.

"పిల్లికి పాలు పోయకపోతే ఇంకేం పోస్తారండీ?" అని మా ఆవిడ నాలుగో వారంలో గేదె పాలు గిన్నెలో పెట్టింది. మర్నాటికి మూడింటికీ విరేచనాలు. ఆవు, గేదె పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర వాటికి అరగదు. చిన్న ఒంట్లోంచి నీళ్లు పోతే చాలా త్వరగా ముంచుకొస్తుంది. తల్లి పాలతో పాటు కూనల మెత్తటి ఆహారం, లేదా ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించి నలిపిన కోడి మాంసం పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ఇల్లు తుడిచే ఫినాయిల్ ఆ గదిలోకి రాకూడదు. ఫినాల్ జాతి రసాయనాల్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర కూడా అందుకే దానికి ప్రాణం తీసే విషం. అలమారలో పెట్టే కలరా ఉండలూ అంతే.

మూడో మెట్టు: కారు దొరికింది, స్కేలు ఎంత?

దుకాణంలో కొనే మోడల్ కార్ల మీద 1:18, 1:24, 1:43, 1:64 అని స్కేలు, అంటే అసలు కారు బొమ్మకు ఎన్ని రెట్లో, రాసి ఉంటుంది. మనం పాత సామాన్లలో ఏరుకున్న బొమ్మ మీద ఏదీ ఉండదు. పెట్టెలో పట్టేలా చేసిన బొమ్మలవి. మిల్లీమీటర్లు కచ్చితంగా కొలిచే వెర్నియర్ తీయండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు కొలవండి. దాన్ని వీల్‌బేస్ అంటారు. 1986 తర్వాతి మారుతీ 800 అసలు వీల్‌బేస్ 2175 మిల్లీమీటర్లు. నా బొమ్మది 62 వచ్చింది. 2175ని 62తో భాగిస్తే 35. ఒక్క కొలతతో ఆగకండి. అసలు కారు పొడవు 3335, బొమ్మ పొడవు 95.5 వచ్చింది, భాగిస్తే మళ్లీ 35 దగ్గరే. అంటే బొమ్మ చేసినవాడు నిజాయతీపరుడు. వెడల్పు అసలుది 1440, అంటే 41 ఉండాలి. 43 ఉంది. అది కారు శరీరమే, మార్చలేను కాబట్టి వదిలేశాను.

అసలు తేడా చక్రాల్లో ఉంటుంది. 800కి వచ్చిన టైరు 145/70, రిమ్ము 12 అంగుళాలు. టైరు గోడ ఎత్తు 145లో 70 శాతం, అంటే 101.5. రెండు వైపులా 203. దానికి రిమ్ము 304.8 కలిపితే మొత్తం వ్యాసం 508. 35తో భాగిస్తే 14.5. నా బొమ్మ చక్రం 17 మిల్లీమీటర్లు ఉంది. అందుకే అది మారుతీలా కాక, మారుతీ టోపీ పెట్టుకున్న జీపులా కనిపించేది. ఏ బొమ్మ కారైనా చూడగానే ఎక్కడో తేడా కొడుతోందంటే ముందు చక్రం కొలవండి.

నాలుగో మెట్టు: కూనల్ని అలసగొట్టి, కారు విప్పడం

పని వేళ మీరు నిర్ణయించేది కాదు. పిల్లులకు వేట హుషారు తెల్లవారుజామున, సాయంత్రం మసక వేళ వస్తుంది. ఆ వేళల్లో బల్ల దగ్గర కూర్చుంటే మీకు పరేషానే. నేను పొద్దున పదింటికి ఒక కర్రకు గుడ్డపీలిక కట్టి పావుగంట పరుగెత్తిస్తాను. ఆట అవగానే తిండి. తిన్నాక అవి ఒళ్లు నాక్కుంటాయి, నాక్కుంటూనే నిద్రలోకి జారుతాయి. ఈ వరస తప్పదు. ఆట, తిండి, స్నానం, నిద్ర. అప్పుడు నాకు దాదాపు రెండు గంటలు దొరుకుతాయి. ఆడించిన గుడ్డపీలికను మాత్రం అలమారలో పెట్టి తాళం వేయండి, కారణం ఆరో మెట్టులో చెబుతాను.

బొమ్మ లోహానిదా, ప్లాస్టిక్‌దా అని ముందు చూడండి. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ బొమ్మల్లో వాడేది జింకు మిశ్రమం. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలి, గోటితో కొడితే టంగుమంటే లోహం. అడుగు రేకును పట్టి ఉంచేవి రెండు రివెట్లు, అంటే తల నలిపి బిగించిన మేకుల్లాంటివి. కారుకు గుడ్డ చుట్టి, చెక్క ముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించండి. రివెట్ నడిమధ్య సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టి, 3 మి.మీ. డ్రిల్‌తో తల మాత్రమే తీసేయండి. తల ఊడి రింగులా డ్రిల్‌కు పట్టుకుంటుంది, అక్కడే ఆపాలి. తర్వాత రివెట్ తల కింద మిగిలిన స్తంభంలోకి 1.6 మి.మీ. రంధ్రం, ఐదు మి.మీ. లోతు. స్క్రూకు మర కోసే ఎం2 ట్యాప్‌ను చేత్తోనే తిప్పండి. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఈ సైజు ట్యాపు కోపం వస్తే విరిగిపోతుంది, విరిగింది బయటికి రాదు. రాణిగంజ్‌లో కొనేటప్పుడు రెండు కొనడం అందుకే. ఇలా చేస్తే ఇకముందు ఈ కారును ఎన్నిసార్లయినా స్క్రూలతో విప్పుకోవచ్చు.

తీసిన ప్రతి భాగాన్నీ ఫోన్‌లో ఫోటో తీసి, ఒక్కోటి ఒక్కో సీసాలో వేయండి. అయినా ఏదో ఒకటి నేల మీదికి పోతుంది. చీపురు పట్టుకోకండి. గదిలో లైటు ఆపి, టార్చిని నేల మీద పడుకోబెట్టి తిప్పండి. ఆవగింజంత స్క్రూకి కూడా వేలెడు నీడ పడుతుంది. అక్కడ దొరకలేదా, షిమ్ పడుకునే చోట చూడండి.

ఐదో మెట్టు: పాత రంగు

ప్లాస్టిక్ అద్దాలు, సీట్లు, లైట్లు అన్నీ తీశాకే ఈ పని. లోహపు శరీరాన్ని మూత ఉన్న స్టీలు డబ్బాలో అసిటోన్ పోసి ఒక రాత్రి ఉంచితే రంగు పొరలుగా లేస్తుంది. పాత పళ్ల బ్రష్‌తో తోమితే చాలు. ప్లాస్టిక్ శరీరమైతే అసిటోన్ దాన్నే కరిగిస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టండి. త్వరగా పోతుందని కాస్టిక్ సోడా, యాసిడ్ జోలికి వెళ్లకండి, జింకును అవి తినేస్తాయి.

ఈ డబ్బా ఇంట్లో ఉండకూడదు. అసిటోన్, థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు. మన ముక్కు దగ్గర వాసన తక్కువగా ఉన్నా, నేల మీద పడుకున్న కూన చుట్టూ అది మడుగులా నిలుస్తుంది. కిటికీ తెరిచాను కదా అంటే కుదరదు, కిటికీ పైన, కూన కింద. నాది డాబా మీద, వాటర్ ట్యాంకు నీడలో, బిగించిన మూతతో ఉంటుంది. చేతి గ్లౌజులు కూడా అక్కడే వదిలి దిగుతాను.

ఆరో మెట్టు: చక్రాలు

ఇది నా పేట. టైరుకు నల్ల డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) రాడ్, రిమ్ముకు అల్యూమినియం రాడ్ తీసుకున్నాను. డెల్రిన్‌ను 14.5కు తిప్పి, టైరు వెడల్పు 145ని 35తో భాగిస్తే వచ్చే 4.1 దగ్గర నాలుగు ముక్కలు కోశాను. రిమ్ము 8.70, టైరు బోరు (లోపలి రంధ్రం) 8.65. వేలితో నొక్కితే దిగదు, వైస్‌లో నొక్కితే దిగుతుంది. అసలు కొలతకు కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ కనిపించదు, కానీ నాలుగింటిలో ఒకటి తేడా ఉంటే కారు కుంటుతుంది. అందుకని నాలుగింటికీ ఒకే సెట్టింగులో చివరి కట్ తీసుకోండి. లేత్ లేనివాళ్లు డ్రిల్ మెషీన్‌లో రాడ్ బిగించి, ఆకురాయితో, ఆ తర్వాత తడిపి రుద్దే గరుకు కాగితం, వాటర్ పేపర్‌తో కూడా చేయొచ్చు, ఓపిక కావాలంతే. యాక్సిల్‌కు సైకిల్ స్పోకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. సుమారు 2 మి.మీ. ఉంటుంది, నిటారుగా ఉంటుంది. ఒక వైపు రిమ్ముకు చుక్క ఆరల్డైట్ జిగురు.

ఇక జాగ్రత్త ఏమిటంటే, డెల్రిన్ తురుము ముక్కలుగా రాదు, దారంలా మూరల కొద్దీ వస్తుంది. పిల్లికి ఇంతకంటే గొప్ప ఆటవస్తువు లేదు, ఇంతకంటే ప్రమాదమూ లేదు. పిల్లి నాలుక మీద ముళ్లు గొంతు వైపు వాలి ఉంటాయి. దారం ఒకసారి నోట్లోకి పోతే ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి దిగితే పేగు కుచ్చుల్లా ముడుచుకుపోయి కోసుకుపోతుంది. నోట్లోంచిగానీ వెనక నుంచిగానీ దారం వేలాడుతుంటే లాగనే లాగకండి. అలాగే ఎత్తుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. గుడ్డపీలిక, కుట్టు దారం, మా ఆవిడ పూలు గుచ్చే దారం, అన్నిటికీ ఇదే మాట.

కాబట్టి లేత్ తిరిగే వేళ తలుపు గడియ. మెషీన్ ఆపగానే టీ కోసం లేవకండి, ముందు తురుము తీసి మూత డబ్బాలో వేయండి. అల్యూమినియం పొడి అయస్కాంతానికి రాదు. తడిగుడ్డతో తుడిచాక, చపాతీ పిండి ముద్దను నేల మీద దొర్లిస్తే మిగిలిన నలుసులు అంటుకుంటాయి. ఆ ముద్ద కూడా మూత డబ్బాలోకే. అల్యూమినియంకు అందరూ పోసే కిరోసిన్ నేను మానేశాను. ఇంత చిన్న జాబ్‌కు టూల్ పదునుగా పెడితే పొడిగానే కోస్తుంది.

ఏడో మెట్టు: రంగు

హైదరాబాద్‌లో రంగుకు మంచి కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున మంచు విడిచాక. వానాకాలం గాల్లో తేమకు లాక్కర్ తెల్లబారి బూజు పట్టినట్టు అవుతుంది. మే నెల ఎండలో రంగు తుంపర కారును చేరకముందే ఆరిపోయి ఉప్పు చల్లినట్టు గరుకుగా పడుతుంది.

డాబా మీద ముందు నీళ్లు చల్లండి, వాకిలి చల్లినట్టే. దుమ్ము లేవదు. చొక్కా మార్చుకోండి, ఎందుకంటే మీ ఒంటి మీద మూడు పిల్లుల వెంట్రుకలు ఉంటాయి. రంగు కింద వేసే పూత, ప్రైమర్ వేసి, ఆరాక 1000 నంబర్ వాటర్ పేపర్‌తో తడి చేసి రుద్దండి. ఆ తర్వాత రంగు. జానెడు దూరం, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల నుంచి స్ప్రే. స్ప్రే కారు అవతల మొదలై అవతలే ఆగాలి, కారు మీద ఆపితే అక్కడ రంగు జారుతుంది. ఒకేసారి దట్టంగా కాక, పది పదిహేను నిమిషాల తేడాతో నాలుగు పల్చటి పొరలు. చివరి పొర కాగానే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ డబ్బాను, గాలి కాస్త ఆడేలా రెండు పుల్లల మీద బోర్లించండి.

ఎంత చేసినా ఒక వెంట్రుక పడుతుంది. తడి మీద చిమటాతో తీయబోతే గీత మిగులుతుంది, అదే నా బానెట్టు కథ. వదిలేయండి. మర్నాడు గట్టిపడ్డాక 2000 పేపర్‌తో అక్కడొక్కచోటే రుద్దితే వెంట్రుక లేచిపోతుంది, మీద ఇంకో పల్చటి పొర.

ఎనిమిదో మెట్టు: అలమార, టీకాలు, పంపకాలు

కారు బిగించడానికి పెద్దగా చెప్పేదేం లేదు, విప్పిన ఫోటోల్ని వెనక నుంచి చూసుకుంటూ రావడమే. అలమారలో తేమకు సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. తలుపుకు అయస్కాంతం పట్టు చాలదు, షిమ్ పంజాతో లాగి తీసింది. చిన్న కొక్కెం వేయండి.

కూనలకు ఎనిమిది వారాలకు మొదటి టీకా, మూడు నాలుగు వారాలకు మళ్లీ, మూడు నెలలు నిండాక రేబీస్ టీకా. మధ్యలో నులిపురుగుల మందు డాక్టర్ తూకం చూసి ఇస్తాడు. నా పుస్తకం అక్కడ బాగా పనికొచ్చింది. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. నాలుగైదు నెలలకే ఆడకూన ఎదకు వచ్చేస్తుంది, ఆపరేషన్ విషయం అప్పుడే మాట్లాడుకోండి. తల్లినీ మరిచిపోకండి, మళ్లీ కడుపుతో రావడానికి దానికి ఎక్కువ కాలం పట్టదు. కూన గీరినా కరిచినా పసుపు అద్ది ఊరుకోకండి. సబ్బుతో ధార కింద పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఎనిమిది వారాల లోపు ఎవరికీ ఇవ్వకండి, పన్నెండు దాకా ఆగితే ఇంకా మంచిది. తల్లి దగ్గరే అవి ఎంత గట్టిగా కరవొచ్చో, ఎక్కడ ఆపాలో నేర్చుకుంటాయి. బుష్‌ను మా తమ్ముడి కూతురు మౌలాలికి తీసుకెళ్లింది, కాటర్ కింది అంతస్తులోకి దిగింది. షిమ్‌ను అడిగినవాళ్లు ఉన్నారు. బక్కగా ఉంది, కొంచెం కోలుకోనివ్వండి అన్నాను. మొన్న తూచితే రెండు కిలోల నూట పది గ్రాములు. ఇంకా అదే మాట చెబుతున్నాను.

రంగు వేసిన కారును ఎప్పుడు ఇంట్లోకి తేవాలన్నదానికి నా దగ్గరున్న గేజ్, అంటే కొలత సాధనం, నా ముక్కు ఒక్కటే. డాబా గదిలో వారం ఉంచి, ముక్కుకు ఆనించి పీల్చినా థిన్నర్ వాసన రాకపోతేనే కిందికి దించుతాను. నా తెల్ల మారుతీకి తొమ్మిది రోజులు పట్టింది. తెచ్చి బల్ల మీద పెడితే షిమ్ టేపు దాటి వచ్చి, కొత్త చక్రాలు ఒక్కోటి వాసన చూసి, కారు పక్కనే పడుకుంది. అలమార కొక్కెం తీసి కారు లోపల పెట్టేదాకా అది లేవలేదు.